అడుగు కన్నా కాస్త తక్కువ

గ్రేస్ హాపర్ పేరు మన బ్రాంచ్ వాళ్ళకి మామూలుగా రెండుసార్లు వినపడుతుంది. ఫస్టియర్‌లో కంప్యూటర్ చరిత్ర చెప్పేటప్పుడు కంపైలర్ తయారుచేసిన మహిళ అని ఒకసారి. టెక్ ఫెస్ట్ క్విజ్‌లో బగ్ అనే మాట ఎలా వచ్చింది అన్న ప్రశ్నకి జవాబుగా ఇంకోసారి. అక్కడితో సరి. నాకు మాత్రం ఆవిడ మూడోసారి అస్సలు అనుకోని చోట తగిలింది. సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ సబ్జెక్టులో నాన్-ఫంక్షనల్ రిక్వైర్‌మెంట్స్ చదువుతున్నప్పుడు.

ఆ టాపిక్ పేరు వింటేనే నిద్రొస్తుందని తెలుసు, ఒక్క పేరా ఓపిక పట్టండి. సిస్టం ఏం చెయ్యాలి అన్నది ఫంక్షనల్. ఎంత త్వరగా, ఎంతమందికి, ఎన్నాళ్ళపాటు, ఎంత నమ్మకంగా చెయ్యాలి, రేపు మార్చాలంటే ఎంత తేలిగ్గా మారాలి అన్నవి నాన్-ఫంక్షనల్. మెస్‌లో ఇడ్లీ పెట్టాలి అన్నది ఫంక్షనల్ అనుకుంటే, మొదటి గంట క్లాసు మొదలయ్యేలోగా 400 మందికి వేడిగా పెట్టాలి అన్నది నాన్-ఫంక్షనల్. గొడవలన్నీ ఎప్పుడూ రెండోదాని మీదే, గమనించారా? కానీ సీనియర్ల ప్రాజెక్ట్ రికార్డులు తిరగేసి చూడండి. సిస్టం ఫాస్ట్‌గా ఉండాలి, యూజర్ ఫ్రెండ్లీగా ఉండాలి, సెక్యూర్‌గా ఉండాలి. ఏటా అవే మూడు లైన్లు, పైన ప్రాజెక్టు పేరు మారుతుంది అంతే. ఫాస్ట్ అంటే ఎంత? ఎవరు కొలిచారు, దేంతో కొలిచారు? కొలవలేని మాటని కోరిక అనొచ్చేమో గానీ రిక్వైర్‌మెంట్ అనలేం.

హాపర్ జీవితం మొత్తం చదివాక నాకు అనిపించింది ఏంటంటే, కంపైలర్, కోబాల్ సంగతి అలా ఉంచితే, ఆవిడ అరవై ఏళ్ళూ చేసింది ఇదే పని. గాల్లో ఉన్న విశేషణాన్ని పట్టుకుని నేలమీదకి దించి, కొలతబద్ద పక్కన పెట్టడం.

ఆవిడ 1906 డిసెంబర్ 9న న్యూయార్క్‌లో పుట్టింది. అప్పటి పేరు గ్రేస్ బ్రూస్టర్ ముర్రే. ఏడేళ్ళప్పుడు అలారం గడియారం లోపల ఏముందో చూద్దామని ఒకటి విప్పింది. మళ్ళీ బిగించడం రాక ఇంకోటి విప్పింది. అలా ఇంట్లో ఉన్న ఏడు గడియారాలూ విప్పేశాక అమ్మ పట్టుకుంది. తిట్టి ఊరుకోలేదు, ఇకమీద విప్పుకోవాలంటే ఈ ఒక్కటే అని ఒకటి చేతికిచ్చింది. నాకు ఆ పిల్ల కన్నా ఆ తల్లి ఎక్కువ నచ్చింది. తండ్రి ఇన్సూరెన్స్ వ్యాపారంలో ఉండేవాడు. రక్తనాళాల జబ్బుతో రెండు కాళ్ళూ తీసేశారు. రేపు తను లేకపోతే ఆడపిల్లలు తమ కాళ్ళమీద తాము నిలబడాలని, కొడుకుతో సమానంగా కూతుళ్ళనీ చదివించాడు.

వాసర్ కాలేజీలో లెక్కలు, ఫిజిక్స్ చదివి 1928లో డిగ్రీ. యేల్ యూనివర్సిటీలో 1930లో మాస్టర్స్, 1934లో లెక్కల్లో పీహెచ్‌డీ. ఈ మధ్యలోనే విన్సెంట్ హాపర్‌తో పెళ్ళి, వాసర్‌లోనే టీచర్ ఉద్యోగం. అంతా సాఫీగా నడిచిపోయే జీవితమే. 1941లో పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగింది. ముప్ఫై ఏడేళ్ళ వయసులో, ఉన్న ఉద్యోగం పక్కన పెట్టి నేవీలో చేరతానంది.

ఇక్కడ తమాషా చూడండి. ఆవిడకి మొదట అడ్డొచ్చింది అంకెలే. వయసు ఎక్కువ. ఎత్తుకి ఉండాల్సిన బరువు కన్నా 15 పౌండ్లు తక్కువ. పైగా లెక్కల ప్రొఫెసర్ ఉద్యోగం యుద్ధకాలంలో అవసరమైనది కాబట్టి వదలకూడదన్నారు. మూడింటికీ మినహాయింపు తెచ్చుకుని 1943 డిసెంబర్‌లో చేరింది. ట్రైనింగ్‌లో మొదటి ర్యాంకు. 1944 జూలైలో హార్వర్డ్ యూనివర్సిటీలో ఒక బేస్‌మెంట్‌కి పోస్టింగ్ ఇచ్చారు. అక్కడ 51 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు, సుమారు 5 టన్నుల బరువున్న ఒక యంత్రం గడగడలాడుతూ ఉంది. దాని పేరు మార్క్-1. దాన్ని రూపొందించిన హోవర్డ్ ఐకెన్ అక్కడి కమాండర్. కుశలప్రశ్నలు ఏమీ లేవు. ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు అని విసుక్కుని పని చేతిలో పెట్టాడు. ఆర్క్ టాంజెంట్ విలువలకి కావలసిన గుణకాలు లెక్కగట్టాలి, 23 అంకెల ఖచ్చితత్వంతో, వారంలోగా.

ఈ ఒక్క ఆర్డర్‌ని మన సిలబస్ కళ్ళతో చదవండి. గుణకాలు లెక్కగట్టడం ఫంక్షనల్. 23 అంకెలు అన్నది ఎక్యురసీ, వారం అన్నది డెడ్‌లైన్. ఐకెన్ మర్యాద తెలిసిన మనిషి కాకపోవచ్చు గానీ, రిక్వైర్‌మెంట్ చెప్పడం తెలిసిన మనిషి. పని అయిందో లేదో వారం తర్వాత ఎవరూ వాదించుకోవాల్సిన పని లేదు.

మార్క్-1 సెకనుకి మూడు కూడికలు చేసేది. ఒక గుణకారానికి ఆరు సెకన్లు, భాగహారానికి పదిహేను సెకన్లు పైనే. మన ఫోన్ పక్కన పెట్టి నవ్వుకోవచ్చు. కానీ అంత నెమ్మదిగా ఉండబట్టే అక్కడి ప్రోగ్రామర్లకి ప్రతి ఇన్‌స్ట్రక్షన్ ఖరీదూ ఒంటికి తెలిసేది. ఒక భాగహారం అనవసరంగా పెడితే పదిహేను సెకన్లు కళ్ళముందే పోతాయి. నౌకాదళం లెక్కల కోసం ఆ యంత్రం రాత్రింబవళ్ళు నడిచేది. అణుబాంబు లోపలికి కుంగే పేలుడుకి సంబంధించిన లెక్క కూడా ఫాన్ నోయ్‌మన్ తీసుకొస్తే అక్కడే చేశారు, అది దేనికో అప్పట్లో అక్కడివాళ్ళకి చెప్పలేదు. ఆ యంత్రాన్ని ఎలా వాడాలో చెప్పే మాన్యువల్ ఐకెన్ హాపర్ చేతే రాయించాడు. 1946లో అచ్చయింది, 500 పేజీలు దాటింది. డాక్యుమెంటేషన్ అంటే మొహం మాడ్చుకునే మనలాంటి వాళ్ళందరికీ ఈ విషయం ఒకసారి చెప్పి ఊరుకుంటాను.

బగ్ సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. 1947 సెప్టెంబర్ 9న హార్వర్డ్‌లో మార్క్-2 మీద పనిచేస్తుండగా ఒక రిలేలో చిమ్మట ఇరుక్కుని దొరికింది. దాన్ని లాగ్‌బుక్‌లో టేప్‌తో అతికించారు. పట్టుకున్నది హాపర్ కాదు, అక్కడి ఆపరేటర్లు. ఆవిడ ఆ కథని జీవితాంతం రుచిగా చెప్పింది, అంతే. బగ్ అన్న మాట ఇంజనీర్లు ఎడిసన్ కాలం నుంచే వాడుతున్నారు. క్విజ్ మాస్టర్లు దయచేసి గమనించగలరు. అందరూ చిమ్మటని చూస్తారు గానీ, నాకు ఆ పేజీలో నచ్చింది పక్కన రాసిన టైము. 15:45. ఎన్నింటికి ఆగింది, ఏ ప్యానెల్‌లో, ఏ రిలే దగ్గర. ఇలాంటి లాగ్ ఉంటేనే కదా ఒక యంత్రం సగటున ఎన్ని గంటలకోసారి ఆగిపోతోందో చెప్పగలిగేది. రిలయబిలిటీ అనే పెద్ద మాటకి పునాది ఆ చిన్న అంకె. అది రాయని చోట సిస్టం నమ్మకమైనదే అని ఎవరైనా అనొచ్చు, కాదని ఎవరూ నిరూపించలేరు.

యుద్ధం అయిపోయింది. 1945లో విడాకులు. నేవీ రెగ్యులర్ సర్వీసులోకి వయసు కారణంగా తీసుకోలేదు, రిజర్వ్‌లో ఉంచారు. హార్వర్డ్‌లో ఆవిడకి పర్మనెంట్ అయ్యే దారి లేదు. ఆ రోజుల్లో ఆవిడ తాగుడుకి బాగా అలవాటు పడింది. స్ఫూర్తి కథనాల్లో ఈ ముక్క కత్తిరించేస్తారు. నాకు అది ఉండాలనిపించింది. స్నేహితులు పట్టుకుని నిలబెట్టారు, ఆవిడ నిలబడింది.

1949లో ఫిలడెల్ఫియా వెళ్ళి ఎకర్ట్, మాక్లీ పెట్టిన చిన్న కంపెనీలో చేరింది. వాళ్ళు యూనివాక్ తయారుచేస్తున్నారు. అక్కడ బైనాక్ అనే యంత్రానికి ప్రోగ్రాములు రాయడానికి ఎనిమిది అంకెల పద్ధతిలో, అంటే ఆక్టల్‌లో, లెక్కలు వేసీ వేసీ ఆవిడకి అదే అలవాటైపోయింది. నెలాఖరుకి చెక్‌బుక్ లెక్క బ్యాంకుతో కలవలేదు. బ్యాంకులో పనిచేసే తమ్ముడు కూర్చుని చూస్తే, కొన్నిచోట్ల తీసివేతలు ఆక్టల్‌లో చేసి ఉన్నాయి! మనిషి యంత్రం భాషకి ఇంతలా వంగాలా అన్న ప్రశ్న ఆవిడకి అక్కడినుంచే పట్టుకుందని చెబుతారు.

ఇప్పుడు అసలు ఘట్టం. మార్క్-1లో కూడిక సెకనులో మూడో వంతు తీసుకునేది. యూనివాక్‌లో సుమారు అర మిల్లీసెకను. అంటే యంత్రం వందల రెట్లు వేగం అయింది. మరి ప్రోగ్రాం రాసే మనిషి? మనిషి వేగం అలాగే ఉంది. నోట్‌బుక్‌లో దాచుకున్న పాత సబ్‌రొటీన్‌ని చూసి చేత్తో ఎక్కించుకోవాలి, అడ్రసులన్నీ కొత్త చోటుకి తగ్గట్టు కూడుకుంటూ మార్చాలి. ప్రోగ్రామర్లకి ఎక్కించడమూ రాదు, కూడడమూ రాదు అన్నది ఆవిడ గమనించిన సత్యం. మరి ఆ రెండూ కంప్యూటర్ బాగా చేసే పనులే కదా! సబ్‌రొటీన్లని టేపు మీద పెట్టి ఒక్కోదానికి ఒక నంబర్ ఇచ్చి, ఆ నంబర్లు వరసగా రాస్తే యంత్రమే వాటిని తెచ్చి అతికించి ప్రోగ్రాం తయారుచేసేలా 1952కల్లా చేసింది. అదే ఏ-0. ఈనాటి లెక్కలో చూస్తే అది కంపైలర్ కన్నా లింకర్, లోడర్‌లకి దగ్గర. అయినా కంపైలర్ అన్న పేరు పెట్టింది అక్కడే.

ఎవరూ నమ్మలేదు. కంప్యూటర్ లెక్కలు చేస్తుంది గానీ ప్రోగ్రాములు రాయడమేంటి అన్నారు. ఇంకొంచెం తెలిసినవాళ్ళు వేరే అభ్యంతరం పెట్టారు, అది మరీ కొట్టిపారేసేది కాదు. చేత్తో జాగ్రత్తగా రాసిన కోడ్ కన్నా యంత్రం అతికించిన కోడ్ నెమ్మదిగా నడుస్తుంది. యంత్రం గంట అద్దె ఎంతో తెలిసిన మేనేజర్‌కి అది చిన్న విషయం కాదు. హాపర్ ఇక్కడ ఎదురువాదన పెట్టలేదు, కొలిచే చోటు మార్చింది. ప్రోగ్రాం మొదలైన క్షణం నుంచి ఆగే క్షణం దాకా మీరు కొలుస్తున్నారు. నేను సమస్య టేబుల్ మీదకి వచ్చిన క్షణం నుంచి జవాబు చేతికొచ్చే దాకా కొలుస్తాను. మనిషి రాసే రోజులు, తప్పులు వెతికే రోజులు, అన్నీ కలిపి. ఆ లెక్కలో ఏ-0 ముందు చేతిరాత ప్రోగ్రాం నిలబడలేదు.

దీని గురించి నేను చాలాసేపు ఆలోచించాను. పర్ఫార్మెన్స్ అన్న ఒక్క మాట కింద రెండు వేర్వేరు కొలతలు ఉన్నాయి, రెండు వైపులా నిజమే మాట్లాడుతున్నారు. గడియారం ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపుతున్నాం అన్నది ముందు రాసుకోకపోతే ఏళ్ళ తరబడి అలా వాదించుకోవచ్చు. ఇప్పుడు కూడా అంతే కదా. సర్వర్‌లో 80 మిల్లీసెకన్లే పట్టిందని బ్యాక్ఎండ్ వాడు ప్రమాణం చేస్తాడు, ఫోన్ పట్టుకున్నవాడికి నాలుగు సెకన్లు తెల్ల స్క్రీనే. ఇద్దరి గడియారాలూ సరైనవే.

తర్వాత ఆవిడ ఇంకో అడుగు వేసింది. వ్యాపారం లెక్కలు రాసేవాళ్ళకి గణిత సంకేతాలు ఎందుకు, మామూలు ఇంగ్లీషు మాటలతోనే ప్రోగ్రాం రాయనిద్దాం అంది. అది ఫ్లో-మ్యాటిక్ అయింది. అదే ప్రోగ్రాం ఫ్రెంచిలోనూ జర్మన్‌లోనూ రాసి మేనేజ్‌మెంట్‌కి చూపించింది, మాటలు మార్చితే చాలు యంత్రానికి ఏ భాషైనా ఒకటే అని చెబుదామని. పైవాళ్ళు బెదిరిపోయారు. అమెరికాలో తయారైన కంప్యూటర్‌కి ఫ్రెంచి రావడమేంటని! ఇంగ్లీషొక్కటే అని ఒప్పుకుని ఊరుకోవాల్సొచ్చింది. ఒకటో క్లాసు నుంచీ ఇంగ్లీషు మీడియంలో చదివి, ఈ పత్రిక కోసం తెలుగు టైపింగ్ నేర్చుకుంటున్న నాకు ఆ ప్రదర్శన గురించి చదివినప్పుడు ఒక రకంగా అనిపించింది. 1950ల్లో ఎవరో ఒకరు ఇంకాస్త గట్టిగా పట్టుబట్టి ఉంటేనో?

1959 మే నెలలో పెంటగాన్‌లో ఒక సమావేశం జరిగింది. ఒక్కో కంపెనీ యంత్రానికి ఒక్కో భాష, యంత్రం మారిస్తే ప్రోగ్రాములన్నీ మళ్ళీ మొదటి నుంచి రాయాలి, రక్షణశాఖకి ఈ ఖర్చు మోయలేనంత అయింది. అన్ని యంత్రాలకీ నడిచే ఒకే వ్యాపార భాష కావాలనుకున్నారు. దాంతో పుట్టింది కోబాల్. హాపర్‌ని కోబాల్ తల్లి అంటారు గానీ అది పూర్తిగా సరికాదు. భాషని రాసింది ఒక కమిటీ. అందులో జీన్ సామెట్ లాంటి వాళ్ళు రాత్రులు కూర్చుని పనిచేశారు. హాపర్ సలహాదారు. కాకపోతే ఆ కమిటీ ఎక్కువగా ఆధారపడింది ఆవిడ ఫ్లో-మ్యాటిక్ మీదే. అమ్మమ్మ అంటే ఎవరికీ అన్యాయం జరగదేమో.

ఒకే భాష అన్నారు సరే, నిజంగా అన్ని యంత్రాల మీదా నడుస్తుందా? 1960 డిసెంబర్ మొదటివారంలో దానికి పరీక్ష పెట్టారు. ఒకే కోబాల్ ప్రోగ్రాంని ఆర్‌సీఏ వాళ్ళ 501 మీద, రెమింగ్టన్ రాండ్ వాళ్ళ యూనివాక్-2 మీద నడిపారు. కొద్దిపాటి మార్పులతో రెండింటి మీదా నడిచింది. పోర్టబిలిటీ అన్న మాటని రుజువు చెయ్యడానికి ఇంతకన్నా సూటి పద్ధతి ఏముంటుంది? రెండు యంత్రాలు పక్కపక్కన పెట్టు, ఎన్ని లైన్లు మార్చాల్సొచ్చిందో లెక్కపెట్టు.

1966 చివర్లో నేవీ రిజర్వ్ ఆవిడకి రిటైర్మెంట్ ఇచ్చింది. ఆవిడ చాలా బాధపడింది. ఏడు నెలలు తిరక్కుండానే 1967 ఆగస్టులో మళ్ళీ పిలిచారు, ఆరు నెలల పని ఉంది రమ్మని. ఆ ఆరు నెలలు దాదాపు పంతొమ్మిదేళ్ళు నడిచాయి, మధ్యలో 1971లో చిన్న విరామం తప్ప. పని ఏంటంటే, నేవీలో కోబాల్ పేరుతో నడుస్తున్న రకరకాల కోబాల్‌లని ఒక దారిలో పెట్టడం. ప్రతి కంపెనీ తన కంపైలర్ ప్రామాణిక కోబాలే అంటుంది. కొనేవాడికి తెలిసేదెలా?

ఇక్కడ ఆవిడ బృందం చేసిన పని గురించి పెద్దగా ఎవరూ చెప్పరు. కథలో గ్లామర్ లేదు మరి. భాషలోని ఒక్కో నియమానికీ చిన్నచిన్న పరీక్ష ప్రోగ్రాములు రాశారు. కంపైలర్‌కి ఆ ప్రోగ్రాములు వేస్తే ఏ నియమం సరిగ్గా పాటించింది, ఎక్కడ తప్పింది అని జాబితా వచ్చేస్తుంది. అమ్మేవాడి మాట, కొనేవాడి అనుమానం రెండూ అక్కర్లేదు, జాబితా మాట్లాడుతుంది. తర్వాత తర్వాత అమెరికా ప్రభుత్వానికి అమ్మే కోబాల్ కంపైలర్లకి ఇలాంటి పరీక్ష తప్పనిసరి అయింది. మనం ఇప్పుడు టెస్ట్ సూట్ అని తేలిగ్గా అనేస్తాం. అప్పట్లో స్టాండర్డ్ అంటే ఒక పుస్తకం. ఆ పుస్తకాన్ని నడిపి చూడగలిగే వస్తువుగా మార్చారు వాళ్ళు. హాపర్ చేసిన పనుల్లో గొప్పది ఏదంటే నేనైతే ఇదే అంటాను, ఏ-0 కాదు.

ఇక తీగ సంగతి. శాటిలైట్ ద్వారా సందేశం పంపితే ఇంత ఆలస్యం ఎందుకని పెద్ద పెద్ద అడ్మిరల్స్ అడిగేవారు. నానోసెకన్లలో పనిచేసే యంత్రాలంటున్నారు, మరి ఇదేంటి? నానోసెకను అంటే సెకనులో వందకోట్లో వంతు. ఈ వాక్యం చదివినా ఎవరికీ ఏమీ తెలియదు, ఆవిడకీ తెలియలేదట. అందుకని ఒక నానోసెకను కోసి పంపమని ఇంజనీర్లని అడిగింది. కాంతి ఒక నానోసెకనులో వెళ్ళగలిగే దూరం 11.8 అంగుళాలు. అంటే సుమారు 30 సెంటీమీటర్లు, అడుగు కన్నా కాస్త తక్కువ. పాత టెలిఫోన్ తీగల్ని ఆ పొడవుకి కోయించి, ప్రతి ఉపన్యాసానికీ ఒక కట్ట పట్టుకెళ్ళి పంచేది. ఇదిగో, ఇది నానోసెకను, జేబులో పెట్టుకో. పక్కనే ఇంకో తీగచుట్ట చూపించేది. అది మైక్రోసెకను, 984 అడుగులు. ప్రతి ప్రోగ్రామర్ మెడలోనూ దాన్ని వేలాడదియ్యాలని ఆవిడ ఉద్దేశం, ఒక మైక్రోసెకను పారేస్తే ఏం పారేస్తున్నారో తెలిసొచ్చేలా. పికోసెకన్లు కావాలంటే హోటల్లో ఇచ్చే మిరియాల పొడి పొట్లాలు ఇచ్చేది.

మామూలుగా దీన్ని సరదా ఉదాహరణగా చెప్పి వదిలేస్తారు. కాస్త లెక్క వేసి చూడండి. సమాచార శాటిలైట్ ఉండేది 35,786 కిలోమీటర్ల ఎత్తులో. కాంతి అక్కడికి చేరడానికే 12 కోట్ల నానోసెకన్లు. కిందకి దిగడానికి మరో 12 కోట్లు. అంటే పావు సెకను ఏ కంపెనీ, ఏ ఇంజనీర్, ఏ బడ్జెట్ తగ్గించలేనిది. ఆ తీగ అడ్మిరల్‌కి చెప్పిన సంగతి ఇదే, కొన్ని రిక్వైర్‌మెంట్లు ప్రకృతే కొట్టేస్తుందని. ఫైబర్ కేబుల్‌లో కాంతి ఇంకా నెమ్మది, సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లు. సర్వర్ వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉంటే వెళ్ళి రావడానికే 10 మిల్లీసెకన్లు. ఒక మిల్లీసెకనులో రెస్పాన్స్ రావాలని ఎవరైనా డాక్యుమెంట్‌లో రాస్తే వాళ్ళకి ఒక తీగ కోసి పంపాలి. మూడు గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌లో ఒక క్లాక్ టిక్ అయ్యేలోగా కాంతి వెళ్ళేది 10 సెంటీమీటర్లు. నా అరచెయ్యి దాటదు.

మా టీమ్ ఈ సెమిస్టర్‌లో హాస్టల్ ఔట్‌పాస్ యాప్ చేస్తోంది. రిక్వైర్‌మెంట్స్ రాసే రోజున ల్యాబ్‌లో పడున్న ల్యాన్ కేబుల్ ముక్క ఒకటి 30 సెంటీమీటర్లకి కోసి టేబుల్ మీద పెట్టాను. ఫాస్ట్ అన్న మాట ఎవరు రాసినా ఆ తీగ చూపించడమే నా పని. చివరికి మేం రాసుకున్నది ఇది: శనివారం సాయంత్రం 5 నుంచి 6 మధ్యలో 300 మంది అప్లై చేసినప్పుడు, వందలో 95 మందికి 2 సెకన్లలోపు సమాధానం రావాలి, ఫోన్ స్క్రీన్ దగ్గర కొలవాలి. సగటు ఎందుకు రాయలేదంటారా? వంద మందిలో 99 మందికి 0.2 సెకన్లు, ఒక్కడికి 30 సెకన్లు పట్టిందనుకోండి. సగటు అర సెకను కూడా రాదు. రిపోర్టులో అందంగా ఉంటుంది. ఆ ఒక్కడు బస్సు మిస్సవుతాడు. ఇది హాపర్ తీగ చెప్పే విషయం కాదు, నిజానికి ఆ తీగకున్న లోటు ఇదే. హద్దు చూపిస్తుంది గానీ, రోజూ జరిగే హెచ్చుతగ్గులు చూపించదు. ఔట్‌పాస్ ఎక్కువ మంది అడిగే గంట ఏదో మాకు వార్డెన్ రిజిస్టర్ చెప్పింది. పాత తరం లాగ్‌బుక్ అన్నమాట.

1983లో టీవీలో ఒక కార్యక్రమంలో ఆవిడని చూసి ఒక కాంగ్రెస్ సభ్యుడు ప్రమోషన్‌కి పట్టుబట్టాడు. ఆ ఏడాదే కమోడోర్ అయింది, 1985లో ఆ హోదా పేరు రియర్ అడ్మిరల్‌గా మారింది. ఆఫీసు గోడకి అపసవ్యంగా తిరిగే గడియారం ఒకటి పెట్టుకునేది. ఎప్పుడూ ఇలాగే చేస్తున్నాం అనేవాళ్ళకి జవాబుగా. ముళ్ళు వెనక్కి తిరిగినా టైము సరిగ్గానే చూపిస్తుంది మరి. 1986 ఆగస్టు 14న బోస్టన్‌లో, కాన్‌స్టిట్యూషన్ అనే పాత యుద్ధనౌక మీద వీడ్కోలు. అప్పటికి 79 ఏళ్ళు. నేవీ సర్వీసులో ఉన్న ఆఫీసర్లందరిలోకీ పెద్దావిడ. ఇంట్లో కూర్చోలేదు, డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో సలహాదారుగా చేరి చివరిదాకా తీగలు పంచుతూనే ఉంది.

కోబాల్‌ని వెక్కిరించినవాళ్ళు తక్కువేం కాదు. డైక్‌స్ట్రా లాంటి మహానుభావుడు దాన్ని తిట్టిన తిట్టు ప్రసిద్ధం. వాగుడుకాయ భాష అన్నది నిజమే. మేనేజర్లు కూడా చదువుతారనుకుని ఇంగ్లీషులా చేశారు, మేనేజర్లెవరూ చదవలేదు. అయితే ఇంకెవరో చదివారు. మా బాబాయ్ 1998లో అమీర్‌పేటలో మూడు నెలలు కోబాల్ నేర్చుకుని అమెరికా వెళ్ళాడు. ఆ రోజుల్లో మన వాళ్ళు చాలామంది అలా వెళ్ళినవాళ్ళే. జాగా పొదుపు కోసం సంవత్సరాన్ని రెండంకెల్లో రాసిన పాత ప్రోగ్రాములు 2000 రాగానే 1900 అనుకుంటాయి కదా, వాటిని సరిచెయ్యడానికి. 80 గళ్ళ పంచ్ కార్డు కాలంలో రెండు గళ్ళు మిగల్చడం తెలివైన పనే. ఆ ప్రోగ్రాం ఎన్నేళ్ళు నడవాలి అన్న రిక్వైర్‌మెంట్ మాత్రం ఎవరూ రాసుకోలేదు. బాబాయ్ పుట్టకముందు ఎవరో రాసిన జీతాల ప్రోగ్రాం అతని చేతికొచ్చింది. రాసినవాళ్ళు బతికున్నారో లేదో తెలియదు. డాక్యుమెంట్ లేదు. కానీ చదువుతుంటే అర్థమైందని చెప్పాడు. ఏ లైనులో పన్ను కోస్తున్నారో, ఏ లైనులో ఓవర్‌టైం కలుపుతున్నారో మాటల్లోనే ఉంది.

హాపర్‌కి 1999 డిసెంబర్ 31 దాకా బతకాలని ఉండేది. ఆ రాత్రి పండగ చూడాలని, వెనక్కి తిరిగి తొలినాటి కంప్యూటర్లని చూసుకోవాలని. అప్పటికి ఆవిడ వయసు 93 అయ్యుండేది. 1992 జనవరి 1న నిద్రలోనే పోయింది. ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో నేవీ మర్యాదలతో సమాధి చేశారు. ఆవిడ పేరుతో ఒక యుద్ధనౌక 1997లో నేవీలో చేరింది, ఇప్పటికీ తిరుగుతోంది.

ఆ డిసెంబర్ 31 రాత్రి బాబాయ్‌కి న్యూజెర్సీలో ఆఫీసు డ్యూటీ పడింది. ఆరుగురు కూర్చున్నారట, నలుగురు తెలుగువాళ్ళే. టీవీలో జనం కేకలు వేస్తున్నారు, వీళ్ళు మాత్రం టెర్మినల్ వైపు చూస్తున్నారు. పన్నెండు దాటింది. పరీక్షకి పెట్టిన జీతాల జాబ్ మొదలై, పూర్తయి, ప్రింటర్ ఒక కాగితం బయటికి తోసింది. పైన తేదీ దగ్గర నాలుగంకెలూ ఉన్నాయి. చల్లారిపోయిన పిజ్జా అప్పుడు తిన్నారట.